మసికి ఏ పనీ లేదు

రోజు 1, మొదటి షిఫ్టు

గాలి బాగుంది. వేడి మామూలే. మూడో తలుపు అడుగు సందులోంచి గాలి పోతోంది, గుడ్డ దూర్చాను. ఫ్యాను చప్పుడులో తేడా లేదు.

ఈ పుస్తకంలో గాలి, తలుపులు, ఫ్యాను తప్ప మరో మాట రాయకూడదని అట్ట లోపల అచ్చువేసి ఉంది. గాలి మేస్త్రీగా పద్నాలుగేళ్లు ఆ మాట నిలబెట్టాను. ఇవాళ్టి నుంచి నిలబెట్టను. పేజీలకు నంబర్లున్నాయి, ఎవరూ చింపలేరు. ముందు షిఫ్టు రాసిందంతా చదివి సంతకం పెడితే తప్ప తర్వాతి షిఫ్టు మేస్త్రీ పని మొదలుపెట్టకూడదు. కాబట్టి రెండో షిఫ్టు మేస్త్రీ రాయమల్లన్న ఇది చదవక తప్పదు. చదువు అన్నా, ఓపిగ్గా చదువు.

పొద్దున నాలుగో తలుపు దగ్గర గాలి వేగం చూస్తుంటే అవతలి నుంచి గీకుతున్న చప్పుడు వినిపించింది. ఆ తలుపు అవతల ఏటవాలు సొరంగం, అది ఎక్కితే పైలోకం. పైనున్న ఎండలో మనిషి గంటసేపు బతకడు. అందుకే మా తాతల కాలంలోనే జనం ఈ పాత బొగ్గు గనుల్లోకి దిగారు. ఆ దారిన ఎవరూ రారు. తలుపులోని చిన్న రెక్క తీసి చూస్తే కుక్క.

కుక్కను నేను బొమ్మలో తప్ప చూడలేదు. ఒళ్లంతా మసి, నాలుక ఒక్కటే ఎర్రగా ఉంది. ఆ రెక్కలోంచే లోపలికి దూరింది. నా సీసా మూతలో నీళ్లు పోస్తే ఎనిమిది మూతలు తాగింది. తర్వాత నా బూటు మీద తల పెట్టుకుని నిద్రపోయింది. నన్ను అంతగా నమ్మిన ప్రాణి ఇంతవరకు లేదు, కట్టుకున్నవాడితో సహా. అరగంట కాలు కదపలేదు. ఆ అరగంటలో ఒకటో తలుపు చూడలేదని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

రూలు నాకు తెలుసు. లోపలికి వచ్చిన ఏ ప్రాణికైనా ముప్పై రోజులు గడువు. ప్రాణుల పట్టికలో పేరు, రంగు, పని అని మూడు గడులుంటాయి. కోడికి గుడ్లు, మేకకు పాలు, పిల్లికి ఎలుకలు. ముప్పయ్యో రోజుకు పని గడి ఖాళీగా ఉంటే దాన్ని వచ్చిన దారినే పంపాలి. ఫ్యాను ఆగిపోయిన ఏడాది గాలి చాలక మనుషులు పోయారు, ఆ ఏడాది పెట్టిన రూలు ఇది. తప్పుడు రూలని నేను అనను. పేరు గడిలో మసి అని రాశాను. రంగు కడిగాక చెబుతానని రాశాను. పని గడి దగ్గర కలం ఆగింది.

పక్కన రాయమల్లన్న రాత: "చదివిన. ఒకటో తలుపు నేను చూసిన, మంచిగనే ఉన్నది. కుక్క సంగతి నాకెందుకు?"

రోజు 2

గాలి బాగుంది.

కుక్క మట్టిరంగని తేలింది. రెండు బకెట్ల వాడిన నీళ్లు పట్టాయి. పేరు మార్చలేదు.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, పుట్టగొడుగుల మడుల్లో పనిచేసే మా ఆయన గట్టయ్య, ఏడేళ్ల కూతురు సమ్మక్క. సమ్మి అని పిలుస్తాం. నోరు మెదపని పిల్ల. ఈ మట్టంలో, అంటే గనిలో మేముండే ఈ అంతస్తులో, పిల్లలందరూ అంతే, అది మాకు గొప్ప కూడా. ఇరవయ్యొకటో రోజున తొట్టెలలో వేసేటప్పుడు బిడ్డ చేతికి పట్టీ కడతాం. ఆ పట్టీ బిడ్డ ఒంటిని చదివి గోడ మీది తెరకు చెబుతుంది. ఆకలి అని పడితే అన్నం పెడతాం, నిద్ర అని పడితే పక్క వేస్తాం, భయం అని పడితే దీపం పెంచుతాం. పిల్ల అడిగేలోపే అన్నీ అమరిపోతాయి. అడగాల్సిన అవసరం లేక మా పిల్లలు అడగడం మానేశారు.

మసిని చూడగానే సమ్మి గోడకు అతుక్కుపోయింది. తెర మీద 'భయం' పడింది. దీపం పెంచాను, ఏమీ మారలేదు. మసి వెళ్లి సమ్మి ఎదురుగా కూర్చుని తోకతో నేల ఊడవసాగింది. సమ్మి నన్ను చూసింది. తర్వాత తెరను చూసింది. కుక్కకు ఏం కావాలో తెర మీద లేదు. ఇక చేసేది లేక కుక్కనే చూసింది, చాలాసేపు చూసింది. లేచి వెళ్లి గిన్నెలో నీళ్లు తెచ్చి పెట్టింది.

మసి తాగింది. ఎదుటి ప్రాణికి ఏం కావాలో నా కూతురు తనంతట తాను కనిపెట్టడం నేను చూడటం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో గట్టయ్య అడిగితే బొగ్గుపొడి పడిందన్నాను.

రోజు 5

గాలి బాగుంది. రెండో తలుపు కీలుకు నూనె వేశాను.

కుక్క అంటే ఇంత చాకిరీ అని ఎవరూ చెప్పలేదు. రోజుకు మూడుసార్లు బయటికి తీసుకెళ్లాలి. మాకు బయట అంటే పాత గ్యాలరీ, బొగ్గు తవ్వేసి వదిలేసిన సొరంగం. దీపాలు తక్కువ. పిల్లలు అటు వెళ్లరు. ఇవాళ నేను షిఫ్టుకు బయల్దేరుతుంటే మసి గుమ్మం దగ్గర నిలబడి కుయ్యిమంది. గట్టయ్య అప్పటికే మడులకు వెళ్లిపోయాడు. సమ్మి వెళ్లి తాడు పట్టుకుంది. తెర మీద 'భయం' పడింది, పసుపు రంగులో. ఆ రంగు పడితే పిల్లను ఇంట్లో కూర్చోబెట్టాలి, పిల్లల ఆఫీసు నేర్పిన పద్ధతి అది. నేను వద్దనేలోపే ఇద్దరూ మలుపు తిరిగారు.

పావుగంటకు తిరిగొచ్చారు. సమ్మి చేతిలో చిన్న పార ఉంది, దాని పెంట తనే ఎత్తిందన్నమాట. ముఖంలో ఇంకా భయం ఉంది. దాంతోపాటు మరొకటి ఉంది, దానికి పేరు తెర చెప్పలేకపోయింది. నాకు తెలుసు. మొదటిసారి ఒంటరిగా ఫ్యాను ఆపి మళ్లీ తిప్పిన రోజున నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

రాయమల్లన్న రాత: "చదివిన. పిల్లను ఒంటరిగ పాత గ్యాలరీకి పంపినవా? బుద్ధున్నదా చెల్లె?"

ఉంది అన్నా. ఒంటరిగా పంపలేదు, కుక్కతో పంపాను.

రోజు 10

గాలి బాగుంది. వేడి అర గీత ఎక్కువ.

సమ్మికి ఆకలి పెరిగింది. తెర మీద రోజుకు ఆరుసార్లు పడుతోంది. ఆరుసార్లూ పెడుతున్నాను, గిన్నె నాకినట్టు ఖాళీ అవుతోంది. నిద్ర బ్రహ్మాండం, పగలు కూడా రెండు కునుకులు. పరుగుల సంగతి చెప్పనక్కర్లేదు. గోడంతా ఆకుపచ్చ. గట్టయ్య మడుల దగ్గర అందరికీ చెప్పుకుని వచ్చాడు.

ఇవాళ పిల్లల ఆఫీసు నుంచి చీటీ అందింది. మట్టంలోని నూట నలభై మంది పిల్లల్లో ఆరోగ్యంలో, ఆనందంలో, విధేయతలో ఈ నెల సమ్మక్కదే మొదటి స్థానమట. ఆఫీసర్ నీలవేణి మేడం స్వయంగా ఇంటికొచ్చి పత్రం ఇస్తారట. పిల్లను ఎలా పెంచానో నేను మిగతా తల్లులకు నాలుగు ముక్కలు చెప్పాలట.

నా కళ్లు నెత్తికెక్కాయి, దాచడం ఎందుకు? పత్రం ఎక్కడ తగిలించాలో గోడ మీద చోటు కూడా చూసుకున్నాను.

రోజు 13

గాలి బాగుంది.

మసి వెంట ఇప్పుడు తొమ్మిదిమంది పిల్లలు తిరుగుతున్నారు. బడి వదలగానే మా గుమ్మం ముందు వాలతారు. తాడు ఎవరు పట్టుకోవాలి, పార ఎవరు మోయాలి అని తగాదా. మొదట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడేవారు, పాపం, తగాదా పడటం కూడా చేతకాదు. మూడు రోజుల్లో నేర్చుకున్నారు. నాలుగో రోజుకు రాజీపడటం నేర్చుకున్నారు. వంతులు పెట్టుకున్నారు, వంతు ఎగ్గొట్టినవాడిని ఇంటికెళ్లి లాక్కొస్తున్నారు. నిన్న మసికి కాలు బెణికి కుంటుతుంటే తొమ్మిదిమందీ దానితో సమానంగా మెల్లగా నడిచారు. అలా నడవమని ఎవరూ చెప్పలేదు.

ఎదురింటి బాలనర్సమ్మ ఆఫీసుకు ఫిర్యాదు రాసింది. పిల్లల గోలకు మధ్యాహ్నం కన్ను మూతపడటం లేదట. పిల్లల గోల మీద ఈ మట్టంలో ఇదే మొట్టమొదటి ఫిర్యాదని రాయమల్లన్న అన్నాడు. ఆ కాగితం దొరికితే చాలు, పత్రం కోసం చూసుకున్న చోట దాన్నే తగిలిస్తాను.

రోజు 17

గాలి బాగుంది. మిగతాదేదీ బాగాలేదు.

మూడో తలుపు దగ్గర ఉండగా వెనక నుంచి ఎవరో నా చొక్కా లాగారు. చూస్తే సమ్మి. మోకాలు చిట్లి నెత్తురు పాదం దాకా కారింది. పక్కన మసి ఉంది. బడి నుంచి ఇక్కడికి రావాలంటే రెండు గ్యాలరీలు దాటాలి.

నేను ముందు జేబులోంచి చేతి తెర తీసి చూశాను. ఆకుపచ్చగా 'క్షేమం' అని ఉంది. అప్పుడు బిడ్డను చూశాను. ఈ వరుస రాయడానికి సిగ్గుగా ఉంది. జరిగిన వరుస ఇదే కాబట్టి ఇలాగే రాస్తున్నాను.

పొడుగు చేతుల చొక్కా పైకి మడిచాను. మణికట్టు మీద పట్టీ లేదు, అది ఉండే చోట తెల్లటి గీత ఉంది. పట్టీ మసి ముందుకాలికి కట్టి ఉంది, బొచ్చు కింద. ఎన్నాళ్లయిందని అడిగాను. రెండు చేతుల వేళ్లూ చూపించి, మళ్లీ ఒక వేలు చూపించింది. ఎందుకు తీశావని అడిగాను. నా కూతురి గొంతులో ఇంత పొడుగు మాట అంతవరకు వినలేదు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మసికి మాట రాదు గదమ్మా. దానికి ఆకలైతే ఎట్ల తెలుస్తది? పట్టీ దానికి కావాలె. నాకు నోరున్నది, నేను చెప్త. మోకాలు మండుతున్నది."

కడిగి కట్టు కట్టాను. పట్టీ ఏ ఒంటి మీద ఉంటే ఆ ఒంటిని ఒక్కరోజులో నేర్చుకుంటుంది. అది మనిషి ఒళ్లా కాదా అని చూడాలని దాన్ని చేసినవాళ్లకు తోచలేదు, ఎందుకంటే ఇక్కడ పట్టీ పిల్లలకు తప్ప ఎవరికీ కట్టరు. ఆరుసార్లు తిన్నది మసి. రెండు కునుకులు తీసింది మసి. ఆనందంలో, విధేయతలో మొదటి స్థానం మసిది. పదకొండు రోజులు నేను కుక్కను చదువుతూ నా కూతురనుకున్నాను. ఆ పదకొండు రోజుల్లో నా బిడ్డ ఎప్పుడు దిగులుపడిందో, దేనికి నవ్విందో నాకు తెలియదు. నేను చూడలేదు.

పట్టీ తీసి మళ్లీ చేతికి కట్టబోతే సమ్మి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. బలవంతం చేయలేదు. పట్టీ నా పని సంచీలో ఉంది.

రోజు 19

పొద్దున తొమ్మిదింటికి మూడో తలుపు అవతల చెడుగాలి చేరింది. మీటరు ముల్లు ఎర్ర గీత తాకింది. పనివాళ్లను వెనక్కి పంపి చిన్న ఫ్యాను పెట్టాను. గంటన్నరలో తేటపడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇవాళ బడికి సెలవు కాదు గానీ సమ్మి కట్టు మార్చాలని ఇద్దరినీ వెంట తెచ్చాను. ముల్లు ఎర్ర గీత తాకినప్పుడు మసి నా స్టూలు కింద వెల్లకిలా పడి నిద్రపోతోంది. మొరగలేదు, లేవలేదు, ముక్కు కూడా ఎగరేయలేదు. నేను సమ్మిని ఒక చేత్తో లాగుతూ దాన్ని భుజాన వేసుకుని బయటికి మోయాల్సి వచ్చింది.

రాయమల్లన్న షిఫ్టుకు వచ్చి, ఇదంతా చదివి, సంతకం పెట్టకుండా కలం నా చేతికే తిరిగిచ్చాడు.

"ఇంకొక్క ముక్క రాయి చెల్లె. కుక్క మొరిగింది, అప్పుడు నేను మీటరు చూసిన అని. పని గడి నిండుతది. నేను సంతకం పెడ్త."

ముప్పయ్యేళ్లలో ఆ మనిషి ఈ పుస్తకంలో ఒక్క అబద్ధానికి సంతకం పెట్టలేదు. నా కూతురి కోసం పెడతానన్నాడు. అందుకు అన్నకు నేను రుణపడి ఉంటాను. కలం పట్టుకుని కాసేపు కూర్చున్నాను, ఆశ లేదని చెప్పను. కానీ ఇందులో ఒక్క అబద్ధం పడితే, రేపు గాలి బాగుందని నేను రాసినప్పుడు ఎవరు నమ్మి లోపల అడుగు పెడతారు? పైగా కుక్క మొరగలేదు కదా అని మీటరు చూడకుండా వెళ్లేవాళ్లు తయారవుతారు. మసి నిద్రపోయింది. నిద్రపోయిందనే ఉంటుంది.

రోజు 24

గాలి బాగుంది.

నీలవేణి మేడం పత్రం పట్టుకుని ఇంటికొచ్చారు. ఆమె కూర్చోకముందే ఉన్న సంగతి చెప్పేశాను. పత్రం వైపు చూశారు, మసి వైపు చూశారు. నేను టీ పెట్టాను.

మేడం చెడ్డ మనిషి కాదు. పిల్లలు మాట్లాడటం లేదని ఆమెకూ తెలుసట, దాన్ని కొలిచే గడి ఆఫీసు కాగితాల్లో లేదట. కుక్క వల్ల పిల్లలకు మేలు జరిగితే దానికి కొలత ఏదని అడిగారు. నాకు ఒళ్లు మండింది. మేలు కావాలంటే వినండి అన్నాను. భయమేసే చోటికి సమ్మి రోజుకు మూడుసార్లు వెళుతోంది, ఎందుకంటే ఇంకొకరికి అవసరం. తన అన్నం తినేముందు ఇంకో గిన్నె నిండిందా అని చూస్తోంది. నా ముఖం చూసి నేను అలిసిపోయానని కనిపెడుతోంది, కుక్కను చూసి చూసి ఆ విద్య అబ్బింది. పక్కింటి పిల్లాడు వీరేశం బడిలో ఎవరైనా ఎగతాళి చేస్తే వచ్చి మసి చెవిలో చెప్పుకుంటున్నాడు, చెప్పుకున్నాక లేచి ఆడుకుంటున్నాడు. మసి వాడిని తప్పుపట్టదు, ఆఫీసుకు చెప్పదు. ఇవన్నీ ఏ ముల్లు మీద చూపించమంటారు?

మేడం కప్పు కింద పెట్టి గొంతు తగ్గించారు.

"ఓదెమ్మగారూ, కాపలా అని రాయండి. నేను కళ్లు మూసుకుంటాను. అమ్మాయికి పట్టీ మళ్లీ కట్టండి, ఆ పదకొండు రోజులు ఎవరికీ చెప్పకండి."

మేలు చేద్దామనే అన్నారు. కానీ గడిలో ఏ పని రాస్తే ప్రాణి ఆ పని దగ్గరికే పోతుంది. కాపలా అని రాస్తే మసి గోదాము గుమ్మానికి కట్టేసి ఉంటుంది, చెడుగాలి అని రాస్తే సొరంగం చివర ఉంటుంది. పిల్లల దగ్గర ఉండదు. పదకొండు రోజులు దాస్తే మిగతా నూట ముప్పై తొమ్మిది మంది తల్లులు తెరలనే చూస్తూ కూర్చుంటారు. రాయనని చెప్పాను. పత్రం ఇచ్చి వెళతారా, తీసుకెళతారా అని కూడా అడిగాను. తీసుకెళ్లారు.

రోజు 29

గాలి బాగుంది. ఒకటో తలుపు బోల్టు బిగించాను.

నిన్న సాయంత్రం క్యాంటీన్‌లో మట్టం సభ జరిగింది. మేడం రూలు చదివారు, పదకొండు రోజుల సంగతి దాచకుండా చెప్పారు. జనం పగలబడి నవ్వారు. కుక్కకు ఆరుపూటలా అన్నం పెట్టి బిడ్డ కడుపు నిండిందనుకున్న తల్లిని చూసి నవ్వక ఏం చేస్తారు? అందరికంటే ఎక్కువ బాలనర్సమ్మ నవ్వింది. తర్వాత ఆమే నవ్వు ఆపి, మరి మా మనుమడి తెర ఎవరిని చూపిస్తున్నదో అని అడిగింది. పక్కన కూర్చున్న పిల్లల వైపు పెద్దవాళ్లు తిరిగి చూడటం నేను గమనించాను.

మేడం సమ్మిని ముందుకు పిలిచి, మసి ఏం పని చేస్తుందని అడిగారు. అలవాటు కొద్దీ హాలులో తలలన్నీ గోడ మీది పెద్ద తెర వైపు తిరిగాయి. పట్టీ లేని పిల్లకు తెర మీద ఏం పడుతుంది? ఖాళీగా ఉంది. అందరూ మళ్లీ పిల్ల వైపు తిరిగేదాకా సమ్మి ఆగింది.

"ఏ పని చెయ్యది. దాని పనులన్నీ మేమే చేస్తం. ముందు మాకు ఏ పని రాకుండె."

మసిని ఉంచుదామనేవాళ్లను చేతులెత్తమంటే సగానికంటే ఎక్కువే లేచాయి. అయితే రూలు మార్చే అధికారం సభకు లేదని, పై కమిటీకే ఉందని, కమిటీ కూర్చునేది వచ్చే ఏడాదని మేడం చదివి వినిపించారు. అప్పటిదాకా రూలు రూలే. రేపు నాలుగో తలుపు తీసి కుక్కను పంపాలి.

ఇంటికొచ్చాక గట్టయ్య అన్నం ముట్టలేదు. ఉద్యోగం పోతుందని మాత్రం అన్నాడు. పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చుని, తలుపు తీయకు అన్నాడు. మొదటి రోజున కట్టుకున్నవాడి గురించి నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రోజు 30

పని గడి నింపాను. 'ఏ పనీ లేదు' అని రాశాను.

పది గంటలకు మేడం ఉత్తర్వు పట్టుకుని వచ్చారు. గాలి మేస్త్రీ ఈ పుస్తకంలో సరే అని రాసి సంతకం పెట్టందే నాలుగో తలుపు తెరుచుకోదు. గాలి చెడిందని ఒక్క మాట రాస్తే వారందాకా ఎవరూ ఆ తలుపు ముట్టుకోరు, నన్నెవరూ అడగరు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. కాబట్టి చదివేవాళ్ల కోసం స్పష్టంగా రాస్తున్నాను.

గాలి బాగుంది. తలుపు బాగుంది. కీళ్లు, బోల్టులు, రబ్బరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాలుగో తలుపు నేను తీయను. కారణం నేనే.

ఈ మట్టంలో గాలి ఎంత ఉందో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. ఒక కుక్క పీల్చే గాలికి లోటు లేదు. లోటు వస్తే ముందు నేనే ఇందులో రాస్తాను, అప్పుడు నా వాటా తగ్గించండి. ఒక బిడ్డ నోరు తెరిచింది. దాన్ని మళ్లీ మూయించే తలుపు నా చేత్తో తీయను. ఉద్యోగం తీసేస్తే తీసేయండి.

ఇంకా రోజు 30, మధ్యాహ్నం

నన్ను తీసేశారు. తలుపు తీయడానికి రాయమల్లన్నను ముందుగానే పిలిపించారు. ఆయన వచ్చి స్టూలు మీద కూర్చుని పుస్తకం అడిగాడు. సంతకం పెట్టాలంటే చదవాలి కదా అన్నాడు. రోజూ చదివిందే కదా అని మేడం అంటే, షిఫ్టు కాదు, మేస్త్రీనే మారినప్పుడు ముప్పై రోజులూ చదవాలి, అట్టలోనే అచ్చుంది చూసుకోండి అన్నాడు. మేడం చూసుకున్నారు, ఉంది. అప్పటి నుంచి వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుతున్నాడు. మేడం నాలుగో తలుపుకు ఆనుకుని నిలబడి గంట దాటింది. ఇప్పటికి అయిదో రోజుకు వచ్చాడు. మధ్యలో ఒకసారి, బుద్ధున్నదా అని నేనే రాసిన్నా అని తనలో తనే నవ్వుకున్నాడు.

చదవడం అయ్యాక ఏం రాస్తాడో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆయనకూ ఇల్లుంది, ఉద్యోగం ఉంది. ఆయన కళ్లు తుడుచుకోవడానికి ఆగినప్పుడల్లా పుస్తకం తీసుకుని నాలుగు ముక్కలు రాస్తున్నాను. అప్పగింత సంతకం నేను ఇంకా పెట్టలేదు కాబట్టి పుస్తకం ఇంకా నాదే.

బడి వదిలారు. దూరం నుంచే గోల వినిపించింది. సమ్మి ముందు, వెనక వీరేశం, వాళ్ల వెనక మిగతావాళ్లు. లెక్కపెట్టాను, ముప్పై నలుగురు. కొందరి చేతులకు పట్టీలున్నాయి, కొందరికి లేవు. బాలనర్సమ్మ మనుమడు కూడా ఉన్నాడు, పార వాడి చేతిలో ఉంది. మసి స్టూలు కింద నుంచి లేచి ఒళ్లు విరుచుకుని తోక ఊపింది. వంతు ఎవరిదో ఆ పిల్ల వచ్చి తాడు విప్పింది. ఉత్తర్వు గురించి ఎవరూ అడగలేదు. వాళ్లకు తెలుసు, అయినా అడగలేదు.

మసిని బయటికి తీసుకెళ్దామని పిల్లలు మూడో తలుపు వైపు తిరగబోతే మేడం అడ్డంగా వచ్చి నిలబడ్డారు, చేతిలో కాగితం పట్టుకుని. పిల్లలు ఆగారు. మసి కాళ్లు మార్చి మార్చి నిలబడుతోంది, పాపం ఆపుకోలేకపోతోంది. మేడంకు అది తెలియడం లేదు. సమ్మి మేడం ముఖంలోకి చూసింది, తల పైకెత్తి మరీ చూసింది.

"పక్కకు జరుగుండ్రి మేడం. దానికి ఒంటికి వస్తున్నది."

మేడం కిందికి కుక్కను చూశారు. కాగితం మడిచారు. పక్కకు జరిగారు.